పక్క సందులోనే ఉండొచ్చు!

పెంచుకున్న కుక్కో పిల్లో కనబడకపోతే అందరం ముందు ఫోన్ చేతిలోకి తీసుకుంటాం. ముందు వేసుకోవాల్సింది చెప్పులు.

ఊళ్లో గేదె తప్పిపోతే ఎక్కడ వెతకాలో ఒకప్పుడు చిన్నపిల్లలకు కూడా తెలుసు. ముందు చెరువుగట్టు, తర్వాత పొరుగువాడి చేను, అక్కడా లేకపోతే బందెలదొడ్డి. పంట మేసిన పశువును తోలుకెళ్లి ఆ దొడ్లో పెట్టేవాళ్లు. యజమాని వచ్చి జరిమానా, మేత ఖర్చు కట్టి విడిపించుకునేవాడు. దీనికోసం 1871లో ఏకంగా ఒక చట్టమే చేశారు. ఏడు రోజుల్లో ఎవరూ రాకపోతే పోలీసుస్టేషన్‌లో నోటీసు అంటించాలి. పశువును పట్టుకున్న చోటికి దగ్గర్లోని ఊళ్లోనూ సంతలోనూ డప్పు కొట్టించి చాటాలి. ఆ తర్వాత ఇంకో ఏడు రోజులు చూసి, అప్పటికీ ఎవరూ రాకపోతేనే వేలం. పశువులెన్ని, ఎలా ఉన్నాయి, ఎక్కడ పట్టుకున్నారు, ఎక్కడ కట్టేశారు అని నోటీసులో రాయాల్సిన సంగతులన్నీ ఆ చట్టంలోనే ఉన్నాయి.

ఇవాళ ఇంట్లో మనిషిలా తిరిగే కుక్క తప్పిపోతే ఆపాటి ఏర్పాటు కూడా లేదు. ఉన్నదల్లా వాట్సాప్. 'మా బ్రూనో కనపడట్లేదు, దయచేసి షేర్ చేయండి' అని కాలనీ గ్రూపులో పెడతాం. నలభై మంది చేతులు జోడించిన బొమ్మ పెడతారు. సరిగ్గా అదే సమయానికి రెండు వీధుల అవతలి అపార్ట్‌మెంటు గ్రూపులో 'ఎవరిదో కుక్క మా సెల్లార్‌లో పడుకుంది, బెల్టు ఉంది, ఎవరిదో తెలిస్తే చెప్పండి' అని ఇంకొకరు పెడతారు. ఈ గ్రూపులో ఉన్నవాళ్లు ఎవరూ ఆ గ్రూపులో ఉండరు. ఇద్దరూ మంచివాళ్లే. ఇద్దరి ఫోన్లలో ఉన్నదీ ఒకే కుక్క ఫొటో. పోయిందన్న కబురు, దొరికిందన్న కబురు ఒకచోట కలవకపోవడమే అసలు చిక్కు. ఎవరో ఒకరు ఆ చోటు ఏర్పాటు చేసేదాకా రెండింటినీ కలిపే పని మన కాళ్లే చేయాలి.

అంత దూరం పోదు

తప్పిపోయిన జంతువుల కథల్లో జనానికి నచ్చేది దూరం. అమెరికాలో బాబీ అనే కుక్క 1923 ఆగస్టులో ఇండియానా రాష్ట్రంలో యజమానుల నుంచి తప్పిపోయింది. ఆరు నెలల తర్వాత, 1924 ఫిబ్రవరిలో, ఒరెగాన్ రాష్ట్రంలోని సిల్వర్టన్ అనే తన సొంత ఊళ్లో తేలింది. నాలుగు వేల కిలోమీటర్ల పైమాట. నూరేళ్లుగా ఆ కథ చెప్పుకుంటూనే ఉన్నారు. నూటికో కోటికో జరిగేది కాబట్టే అది కథ అయింది. దాన్ని నమ్ముకుని కొందరు 'అదే వస్తుందిలే' అని కూర్చుంటారు. ఇంకొందరు ఈపాటికి ఎంత దూరం పోయిందోనని స్కూటర్ వేసుకుని ఊరవతలికి పరిగెడతారు. ఇద్దరూ వెతకని చోటు ఒక్కటే, తమ వీధి.

అమెరికాలోని ఏఎస్‌పీసీఏ అనే జంతు సంక్షేమ సంస్థ పరిశోధకులు వెయ్యికి పైగా ఇళ్లవాళ్లను అడిగి 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. తప్పిపోయిన కుక్కల్లో 93 శాతం, పిల్లుల్లో దాదాపు 75 శాతం మళ్లీ ఇల్లు చేరాయి. చేరిన కుక్కల్లో దాదాపు సగం, అంటే 49 శాతం, చుట్టుపక్కల వెతికితే దొరికినవి. మెడలో బిళ్ల వల్లో చిప్ వల్లో దొరికినవి 15 శాతం. షెల్టర్‌లో దొరికినవి ఆరు శాతమే. అక్కడి లెక్క మన వీధులకు యథాతథంగా అతకదు. అక్కడ వీధికుక్కల గుంపులుండవు, మన దగ్గర ప్రతి సందుకీ ఒకటుంటుంది. అయినా ఎక్కడ వెతకాలన్న ప్రశ్నకు జవాబు మారదు. నిజానికి వీధికుక్కలు ఆ జవాబుకు ఇంకాస్త బలమే ఇస్తాయి. అదెలాగో తర్వాత చూద్దాం.

దీపావళి రాత్రి, బార్లా తీసిన తలుపు

మనవైపు కుక్కలు తప్పిపోయే రాత్రి ఏదంటే ఎవరైనా దీపావళి అనే అంటారు. టపాసు ధ్వనికి చట్టం పెట్టిన హద్దు, పేలే చోటికి నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్. ఆ హద్దును ఎవరు పాటిస్తున్నారో అందరికీ తెలిసిందే. మనిషి చెవికి 20 వేల హెర్ట్జ్ దాకా వినపడితే కుక్కకు దాదాపు 45 వేల దాకా వినపడుతుంది. దీనికి తోడు ఆ సాయంత్రం మన ఇళ్లలో ఇంకోటి జరుగుతుంది. గుమ్మంలో ప్రమిదలు పెట్టడానికి తలుపు బార్లా తీసి ఉంటుంది, గేటూ తీసే ఉంటుంది, ఇంట్లోవాళ్లంతా మతాబుల మీద ధ్యాసతో ఉంటారు. పక్కింటి మేడ మీద లక్ష్మీ బాంబు పేలగానే మంచం కింది కుక్క ఒక్క ఉదుటున రోడ్డెక్కుతుంది. పెళ్లి బరాత్‌లు, వినాయక నిమజ్జనం డీజేలు కూడా ఇంచుమించు ఇంతే. ఆ రోజుల్లో చీకటి పడకముందే తిప్పుకొచ్చి, వీధివైపు కిటికీలు లేని గదిలో ఉంచి తలుపేస్తే సగం కుక్కలు ఇల్లు దాటవు.

దాటితే మాత్రం మొదటి గంట విలువైనది. ఇంట్లో ఒకరు ఉండిపోవాలి, గేటు తెరిచే ఉంచాలి. మిగిలినవాళ్లు ఇద్దరిద్దరుగా చెరో దిక్కు నడవాలి, బండి మీద కాదు. బండి మీద పోతే సందులు కనపడవు, పైగా అడగాల్సిన మనుషులను దాటిపోతాం. ఆ మనుషులు ఫేస్‌బుక్‌లో ఉండరు. అపార్ట్‌మెంటు వాచ్‌మన్, ఇస్త్రీ బండాయన, టీ కొట్టు, రాత్రి పది దాకా తీసి ఉండే మెడికల్ షాపు, తెల్లారితే పాలు వేసే కుర్రాడు, రోడ్లు ఊడ్చే అమ్మలు, చెత్త ఆటో, డెలివరీ బాయ్‌లు. వీధిలో కొత్త కుక్క అడుగుపెడితే ముందు గుర్తుపట్టేది వీళ్లే. పాత కుక్కలన్నీ వీళ్లకు తెలుసు కాబట్టి.

"మెడకు ఎర్రబెల్టున్న తెల్లకుక్క కదా మేడమ్? గిప్పుడే గా సందులకు ఉరికింది. నేను పిలిస్తే ఇంకా ఉరికింది" అని ఒక వాచ్‌మన్ చెప్పాడంటే మూడు సంగతులు తెలిసినట్టు. ఏ దిక్కు, ఎంతసేపైంది, ఇంకా భయంలోనే ఉంది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం.

దిక్కు చెప్పడానికి మనుషులెవరూ లేని వేళ వీధికుక్కలు చెబుతాయి. కొత్త కుక్కను ఒక సందు గుంపు తమ హద్దు దాకా తరిమి వదిలేస్తుంది, అక్కణ్నుంచి పక్క సందు గుంపు అందుకుంటుంది. అర్ధరాత్రి మొరుగుళ్లు ఒక మూల మొదలై మరో మూలకు జరుగుతున్నాయంటే ఆ దారి మీద చెవి పెట్టండి. తరిమించుకున్న కుక్క చివరికి ఏ గుంపుకూ చెందని చోట ఆగుతుంది. కట్టడం సగంలో ఆగిన బిల్డింగు, ఖాళీ ప్లాటులోని తుమ్మపొదలు, నాలా గట్టు, స్కూలు ప్రహరీ వెనక, ఎత్తుగా పార్క్ చేసిన లారీ కింద. ఇవన్నీ ఇంటికి నడిచి పోగలిగినంత దూరంలోనే ఉంటాయి.

పిలిస్తే ఎందుకు రాదు

యజమాని మనసు విరిగేది ఇక్కడే. కుక్క కనపడుతుంది, పేరు పెట్టి పిలుస్తాడు, అది ఒకసారి చూసి పారిపోతుంది. 'నన్నే మర్చిపోయింది' అని బాధపడతాడు. మరవడం కాదు. రాత్రంతా తరిమించుకున్న జంతువుకు ఎదురుగా వేగంగా వచ్చే ప్రతిదీ ప్రమాదమే. గొంతు పెంచి పిలిచే మనిషీ అంతే. ఆ గొంతు ఎవరిదో తేల్చుకునేంత నిమ్మళం దానికి ఆ క్షణాన ఉండదు. గాలి మళ్లి మీ వాసన తగిలితే కథ వేరు.

కాబట్టి వెంట పరిగెత్తకండి. నలుగురు కలిసి చుట్టుముట్టొద్దు, అలా చేస్తే కుక్క నేరుగా రోడ్డు మీదికి పోతుంది. ఉన్నచోటే నేల మీద కూర్చోండి. దానికి ఎదురుగా కాదు, పక్కకు తిరిగి. కళ్లలోకి చూడొద్దు. వేయించిన కార్జం ముక్కలో, ఉడికించిన చికెనో జేబులో పెట్టుకుని వెళ్లినవాళ్లకు పని తేలికవుతుంది. బిస్కెట్టుకు అంత వాసన ఉండదు. ఒక ముక్క మీకూ దానికీ నడుమ విసిరి ఊరుకోండి. మామూలుగా ఇంట్లో మాట్లాడే మాటలు మెల్లగా మాట్లాడండి, "అన్నం తిందామా, బండెక్కుదామా" లాంటివి. చూసేవాళ్లకు పిచ్చి అనిపించినా సరే. అలవాటైన ఇంకో కుక్క ఇంట్లో ఉంటే గొలుసుతో తీసుకెళ్లండి. మనిషి దగ్గరికి రానిది తోటి కుక్క దగ్గరికి వస్తుంది. చేతికందాక కూడా ముందు గొలుసు తగిలించి, తర్వాత ముద్దు చేయండి. ఈ వరస తారుమారు చేసి రెండోసారి పోగొట్టుకున్నవాళ్లున్నారు.

ఆ రాత్రికి దొరక్కపోతే చివరిసారి కనపడిన చోట మీరు వాడి విడిచిన చొక్కా, ఒక గిన్నెడు నీళ్లు పెట్టి రండి. తెల్లవారుజామున, ట్రాఫిక్ మొదలవకముందు, మళ్లీ అక్కడికే వెళ్లండి.

పిల్లి సంగతి పూర్తిగా వేరు

కుక్కను వెతికినట్టు పిల్లిని వెతికితే దొరకదు. కుక్క పరిగెడుతుంది, పిల్లి దాక్కుంటుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్ల భాగస్వామ్యంతో 1,210 తప్పిపోయిన పిల్లుల మీద జరిగిన అధ్యయనం 2018లో వచ్చింది. దొరికిన పిల్లుల్లో నాలుగింట మూడొంతులు తప్పిపోయిన చోటికి 500 మీటర్ల లోపే ఉన్నాయి. మొత్తం పిల్లుల్లో మూడో వంతు మొదటి ఏడు రోజుల్లో దొరికాయి, ఏడాదిలో దొరికినవి 61 శాతం. 90 రోజులు దాటాక ప్రాణాలతో దొరికినవి చాలా తక్కువ. ఎప్పుడూ గడప దాటని పిల్లయితే ఆ 500 మీటర్లు కూడా పోదు. పక్క ఫ్లాటు, కింది సెల్లారు, ఎదురింటి మెట్ల కిందనే ఉంటుంది.

మూడో అంతస్తు బాల్కనీ నుంచి జారిన పర్షియన్ పిల్లిని వెతకాలంటే ఇలా. రాత్రి పదకొండు దాటాక, వాచ్‌మన్ కుర్చీ జరిపి పడుకున్నాక, పెద్ద టార్చి తీసుకుని సెల్లార్‌లోకి దిగండి. టార్చిని చేతిలో కిందికి కాదు, మీ కంటి ఎత్తులో చెంప పక్కన పట్టుకోండి. పిల్లి కంటి వెనక అద్దంలా పనిచేసే పొర ఒకటుంటుంది, పడిన వెలుగు వచ్చిన దారినే తిరిగి వస్తుంది. అది మీ కంటికి చేరాలంటే వెలుగు మీ కంటి పక్కనుంచే పోవాలి. కార్ల కింద, ఒక్కో చక్రం వెనక, జనరేటర్ గదిలో, లిఫ్ట్ గుంతలో, పైపులు దిగే డక్టులో, పాత పరుపులు పడేసిన మూలలో నిదానంగా వెలుగు తిప్పండి. రెండు ఆకుపచ్చ చుక్కలు వెలిగి ఆరిపోతాయి. అది మ్యావ్ అనదు, మీరు ఎంత పిలిచినా అనదు. భయపడిన పిల్లి నోరు విప్పదు. 'ఇక్కడ పిలిచి చూశాం, లేదు' అనే మాటను అందుకే నమ్మకూడదు. పిలవడం కాదు, వంగి చూడాలి.

సన్‌షేడ్లు, ఏసీ బాక్సుల వెనక, తాళం వేసిన ఫ్లాటు బాల్కనీలు కూడా చూడండి. సంపు మూత తెరిచి ఉందేమో అన్నిటికన్నా ముందు చూడాలి. పొద్దున బండ్లు తీసేవాళ్లను బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టి స్టార్ట్ చేయమని చెప్పండి.

అక్షరం పెద్దది, మాట చిన్నది

కాలనీ గేటు దగ్గర అంటించే చాలా పోస్టర్లు ఇంగ్లిష్‌లో, నాలుగు పేరాలు ఉంటాయి. కుక్క పేరు, వయసు, ఇష్టాలు, అది లేకుండా పాప అన్నం తినడం లేదన్న సంగతి. సిగ్నల్ దగ్గర ఆగిన ఆటోడ్రైవర్‌కు అదంతా చదివే తీరిక లేదు. పైన 'కుక్క తప్పిపోయింది' అని పెద్ద అక్షరాలు, మధ్యలో ఒక్క ఫొటో, కింద ఫోన్ నంబరు. దానికి తోడు ఒక్క మాట: 'పట్టుకోవద్దు, తరమొద్దు, ఫోన్ చేయండి'. తెలుగులో ఒకసారి, హైదరాబాద్ అయితే హిందీలో, ఉర్దూలో కూడా. 'బీగిల్' అంటే అందరికీ తెలియకపోవచ్చు. 'తెలుపు, గోధుమ, నలుపు మచ్చలు, వేలాడే చెవులు' అంటే అందరికీ తెలుస్తుంది. పోస్టరును గోడల మీద కాకుండా కిరాణా కొట్లు, టీ కొట్లు, మందుల షాపులు, కుక్కల డాక్టర్ల క్లినిక్‌లలో అడిగి అంటించండి.

ఇంకో మార్గం కూడా ఉంది, ఎవరికీ తట్టదు. పాత ఇనుప సామాను కొంటామనీ, ఉల్లిగడ్డలు అమ్ముతామనీ రికార్డు చేసిన గొంతుతో ప్రతి సందూ తిరిగే ఆటోలున్నాయి కదా. ఈ నగరాల్లో డప్పు వారసత్వం వాళ్లదే. ఒక పూట కిరాయి ఇచ్చి మీ నాలుగు మాటలు ఆ మైకులో వేయించండి. ఏ వాట్సాప్ గ్రూపులోనూ లేని పెద్దవాళ్లకు కూడా అది వినపడుతుంది.

బహుమానం ఇస్తామని రాయండి కానీ ఎంతో రాయకండి. అంకె చూడగానే దొంగ ఫోన్లు మొదలవుతాయి. 'మీ కుక్క నా దగ్గరే ఉంది, వేరే ఊళ్లో ఉన్నా, పెట్రోల్‌కి రెండు వేలు ఫోన్‌పే చేయండి' అంటాడు. అలాంటివాడికి పరీక్ష తేలిక. ఒక గుర్తు పోస్టర్‌లో రాయకుండా దాచుకోండి, కుడి వెనక కాలి గోరు తెల్లగా ఉండటమో, చెవి లోపలి మచ్చో. ఆ గుర్తు అడగండి, వీడియో కాల్ చేయమనండి. ముందు డబ్బు అడిగినవాడికి ఓటీపీతో సహా ఏదీ చెప్పొద్దు.

ఎత్తుకెళ్లారని అనుమానం ఉంటే పోలీసు ఫిర్యాదు తప్పకుండా ఇవ్వండి. చట్టం కళ్లకు పెంపుడు జంతువు ఇప్పటికీ ఆస్తే, కాబట్టి అది దొంగతనమే. భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం విలువ 5,000 రూపాయల లోపుండి, మొదటిసారి పట్టుబడినవాడు సొత్తు తిరిగి ఇచ్చేస్తే సమాజసేవతో సరిపోతుంది. వీధి నుంచి తెచ్చుకుని ప్రాణంలా పెంచుకున్న నాటుకుక్క ఈ లెక్కలో ఎక్కడుంటుందో ఆలోచిస్తే ఒళ్లు మండుతుంది.

కుక్కల బండి

ఇప్పుడు అదనంగా వెళ్లి చూడాల్సిన చోటు మున్సిపాలిటీవాళ్ల జంతు సంరక్షణ కేంద్రం. 2023 జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కలను పట్టి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 11న ఢిల్లీ ప్రాంతంలోని వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. ఆగస్టు 22న ఆ ఉత్తర్వును సవరించింది. నవంబరు 7న మాత్రం బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల నుంచి పట్టిన కుక్కలను తిరిగి అక్కడ వదలొద్దని దేశమంతటికీ చెప్పింది. బెల్టు ఊడిపోయి, బురద పట్టి, బస్టాండ్ మూలన పడుకున్న పెంపుడు కుక్కను, కుక్కలను పట్టే బండివాళ్లు వేరుగా గుర్తుపడతారని ఆశించలేం.

హైదరాబాద్‌లో ఫతుల్లగూడ, చుడీబజార్, అంబర్‌పేట పటేల్‌నగర్, కేపీహెచ్‌బీ వంటి చోట్ల ఈ కేంద్రాలున్నాయి. ఫోన్ చేసి 'మా షిట్జూ ఏమైనా వచ్చిందా' అని అడిగితే 'లేదండీ' అనే వస్తుంది. తీసుకొచ్చింది రాసుకున్నవాళ్లకు అది 'తెల్లకుక్క, ఆడది' మాత్రమే. మనిషే వెళ్లి బోను బోనుకీ చూడాలి, రెండు మూడు రోజులకోసారి మళ్లీ చూడాలి. హైదరాబాద్‌లో బ్లూక్రాస్, విశాఖలో వీఎస్‌పీసీఏ వంటి సంస్థలకూ ఫొటో ఇచ్చి రావాలి.

మీ గుమ్మంలోకే వస్తే

ఇంతవరకూ పోగొట్టుకున్నవాళ్ల వైపు చెప్పుకున్నాం. సగం కథ దొరికినవాళ్ల చేతిలో ఉంటుంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. మంచి మనసుతో చేసిన పని వల్లే ఎన్నో కుక్కలు ఇంటికి శాశ్వతంగా దూరమవుతాయి. కారులో ఎక్కించుకుని ముప్ఫై కిలోమీటర్ల అవతలి షెల్టర్‌లో దింపుతారు, దాని యజమాని మాత్రం వెనక వీధిలోనే పోస్టర్లు అంటిస్తూ ఉంటాడు.

ముందు మీ జాగ్రత్త. భయపడిన కుక్క కరుస్తుంది. చేయి చాచకుండా నీళ్లు పెట్టి దూరంగా ఉండండి. కరిచినా గీరినా గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. ఎంత ఖరీదు కుక్క అయినా, ఎంత శుభ్రంగా ఉన్నా సరే. రేబిస్ లక్షణాలు పైకి తేలాక వైద్యం లేదు. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు.

తర్వాత చెవి చూడండి. చెవి కొసన చిన్న కత్తిరింపు ఉంటే అది తప్పిపోయిన కుక్క కాదు, ఆపరేషన్ అయిన వీధికుక్క. అది తన ఇంట్లోనే ఉంది, ఆ సందే దాని ఇల్లు. పొదలో పిల్లికూనలు కనపడితే గబుక్కున ఎత్తుకురావొద్దు. తల్లి తిండికి వెళ్లి ఉంటుంది, కొన్ని గంటలు దూరం నుంచి గమనించండి. మెడలో బెల్టుంటే లోపలివైపు కూడా తిప్పి చూడండి, నంబరు అక్కడ రాసి ఉండొచ్చు. ఏమీ లేకపోతే ఫొటో తీసుకుని, గొలుసో తాడో కట్టి ఆ చుట్టుపక్కల నాలుగు సందులు నడిపించండి. అలవాటైన గేటు రాగానే కుక్కే లాక్కుపోతుంది. దగ్గర్లోని కుక్కల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. చిప్ చదివే యంత్రం అక్కడ లేకపోయినా, అది ఆయన దగ్గర టీకా వేయించుకున్నదే అయితే ముఖం చూడగానే ఎవరిదో చెప్పేస్తాడు. ఇంట్లో మీ పెంపుడు జంతువులుంటే కొత్తదాన్ని వేరే గదిలో పెట్టండి. పార్వో, డిస్టెంపర్ లాంటి అంటుజబ్బులు చూడగానే తెలియవు.

మురికిగా, జడలు కట్టి ఉంటే 'ఎవరో వదిలేశారు, పాపం' అని తీర్మానించేయకండి. వానాకాలంలో నాలుగు రోజులు రోడ్డు మీదుంటే ఏ కుక్కయినా అలాగే ఉంటుంది. నిజంగా వదిలేసేవాళ్లూ ఉన్నారు, కాదనను. వేసవి వచ్చేసరికి హస్కీ ఖర్చు తెలిసొచ్చినవాళ్లు, ఇల్లు మారుతున్నవాళ్లు, పిల్లలు కనలేని వయసొచ్చిన ఆడకుక్కను రాత్రిపూట దింపిపోయే బ్రీడర్లు. ఆకలి దప్పులతో మాడేలా జంతువును వదిలేయడం 1960 జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. మొదటిసారికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఈ కాలంలో యాభై రూపాయలంటే కుక్క బిస్కెట్ల ప్యాకెట్ కూడా రాదు. చట్టం ఉందని చెప్పుకోవడానికే సిగ్గేస్తుంది.

'నాకు దొరికింది కాబట్టి నాదే' అనడం మాత్రం చెల్లదు. 1872 కాంట్రాక్టు చట్టం 71వ సెక్షన్ ప్రకారం దొరికిన సొత్తును అప్పగింతకు తీసుకున్నవాడిలా జాగ్రత్తగా చూడాలి. యజమాని ఎవరో తెలిసీ, లేదా తెలుసుకునే ప్రయత్నం సరిగా చేయకుండానే సొంతం చేసుకుంటే న్యాయ సంహిత 314 కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు. మరోవైపు కాంట్రాక్టు చట్టంలోని 168వ సెక్షన్ దొరికినవాడినీ ఆదుకుంటుంది. తిండికీ వైద్యానికీ యజమానిని వెతకడానికీ అయిన ఖర్చు ఇచ్చేదాకా అప్పగించకుండా ఉంచుకోవచ్చు, ప్రకటించిన బహుమానం ఇవ్వకపోతే దావా వేయొచ్చు. న్యాయశాస్త్రం చదివిన ప్రతివాళ్లకూ తెలిసిన 1913 నాటి అలహాబాద్ కేసు ఒకటుంది. తప్పిపోయిన పిల్లాడిని వెతకడానికి వెళ్లిన గుమాస్తా వాణ్ని కనిపెట్టాడు. వెనక యజమాని 501 రూపాయల బహుమానం ప్రకటించిన సంగతి అతనికి తెలియదు. తెలియకుండా చేసిన పనికి బహుమానం రాదంది కోర్టు. అందుకని పోస్టరు పూర్తిగా చదవడం మంచిదే.

ఎవరైనా 'మాదే' అని వస్తే ఊరికే ఇచ్చేయొద్దు. పాత ఫొటోలు, టీకాల పుస్తకం చూపించమనండి. మీ పోస్టులోనూ ఒక గుర్తు దాచి ఉంచండి. అన్నిటికన్నా మించిన సాక్ష్యం ఆ కుక్క తోకే ఇస్తుంది.

చిలక ఎగిరొస్తే

మెడలో రంగుగీత ఉన్న రామచిలుక బాల్కనీలో వాలితే 'ఎవరిదండీ ఈ చిలక' అని అడగకండి. అది ఎవరిదీ కాకూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన చిలకలను, నక్షత్ర తాబేళ్లను ఇళ్లలో పెంచడం నేరం, అటవీశాఖకు చెప్పాలి. కాకటీల్ వంటి విదేశీ పక్షి తప్పిపోతే వెతుకులాట పైకి చూస్తూ సాగాలి. పంజరంలో పెరిగిన పక్షికి ఎగరడం వచ్చినా ఎత్తు నుంచి దిగడం రాదు. కాకులు తరిమితే ఇంకా పైకి పోతుంది. దాని జతపక్షిని పంజరంతో సహా మేడ మీద పెట్టి, తెల్లవారుజామునా సాయంత్రం కూడా ఓపిగ్గా కూర్చోవాలి.

బెల్టు మీద పది అంకెలు

చిప్ గురించి అపోహలు ఎక్కువ. బియ్యపు గింజంత ఉంటుంది, భుజాల నడుమ చర్మం కింద సూదితో వేస్తారు. బ్యాటరీ లేదు, కుక్క ఎక్కడుందో చెప్పదు. యంత్రం దగ్గరగా పెడితే 15 అంకెల సంఖ్య చూపిస్తుంది, అంతే. ఆ సంఖ్యకు ఎదురుగా మీ ఫోన్ నంబరు ఎక్కడో నమోదై ఉంటేనే దానికి అర్థం. అమెరికాలో 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో, షెల్టర్లకు చేరిన దారితప్పిన కుక్కలన్నీ కలిపి 22 శాతం మాత్రమే ఇల్లు చేరితే చిప్ ఉన్నవి 52 శాతం చేరాయి. పిల్లుల్లో తేడా మరీ ఎక్కువ, రెండు శాతం లోపు నుంచి 38 శాతానికి. అక్కడి నుంచి కుక్కతో సహా తిరిగొచ్చే మనవాళ్లు చిప్ వివరాల్లో అమెరికా నంబరే ఉంచేస్తారు. చిప్ చదివినవాడు ఫోన్ చేస్తే అది మోగేది ఎవరి దగ్గరో. చెన్నై నగరపాలక సంస్థ 2025లో పెంపుడు కుక్కలకు లైసెన్సు, చిప్ తప్పనిసరి చేసింది, లేకపోతే 5,000 రూపాయల జరిమానా. మన నగరాలు కూడా ఆ దారి పట్టడం మంచిదే, కానీ ప్రతి క్లినిక్‌లో చదివే యంత్రం పెట్టకుండా చిప్ ఒక్కటే వేసి లాభం లేదు.

అంతదాకా బెల్టును మించింది లేదు. చెరిగిపోని మార్కర్‌తో పది అంకెలు రాస్తే చాలు. చదవడానికి యంత్రం అక్కర్లేదు, చెత్త ఆటో నడిపే అబ్బాయి కూడా చదువుతాడు. ఎయిర్‌ట్యాగ్ లాంటివి వస్తువుల కోసం చేసినవని వాటి కంపెనీయే చెబుతుంది. చుట్టుపక్కల ఐఫోన్లు తిరుగుతుంటేనే అవి జాడ చెబుతాయి. నాలా గట్టు మీద ఐఫోన్లు తక్కువ.

కుక్క ఇంటికొచ్చిన రోజే స్నానం చేయించి ఫొటోలు దిగాలని ఉబలాటపడకండి. ముందు డాక్టరుకు చూపించండి. కాట్లు, పిడుదులు, పాదాల పగుళ్లు ఉంటాయి, రేబిస్ టీకా మళ్లీ వేయాలేమో అడగండి. తిండి కొంచెం కొంచెంగా పెట్టండి. మర్నాడు పోస్టర్లు తీసేయండి. దొరికిన కుక్క పోస్టరు ఆరు నెలలు గోడ మీదే ఉంటే ఇంకొకరి పోస్టరును ఎవరూ చూడరు. గ్రూపుల్లో 'దొరికింది, థాంక్స్' అని సరిపెట్టకుండా ఎన్నో రోజున దొరికింది, ఏ సందులో, ఎవరు చూసి చెప్పారు, ఏ వేళప్పుడు బయటికొచ్చింది అన్నవీ రాయండి. అదే కాలనీలో రేపు వెతకబోయేవాళ్లకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.